స్క్రీన్ మీద తిరిగే చక్రం, సీటు కింద తిరిగే ఫ్యాన్

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో మైలేజీ గురించి అడిగినవాళ్లు ఇద్దరంటే ఇద్దరు. మిగతా అందరి గోడూ రెండు చోట్లే ఉంది: డ్యాష్‌బోర్డు మీది టచ్‌స్క్రీను, తాము కూర్చునే సీటు. కారు నడవడం బాగానే నడుస్తోందట, స్క్రీను మొరాయిస్తోంది, సీటు చల్లబడటం లేదు. సరే, ఈసారి పేజీ అంతా వాటికే. ఒకేలాంటివి నాలుగైదు వచ్చిన చోట ఒకటే వేశాను, మీ ఉత్తరం కనపడకపోయినా మీ జవాబు ఇందులోనే ఎక్కడో ఉంటుంది, వెతుక్కోండి.

ప్రశ్న: మాది నిజాంపేట్. రెండేళ్ల కిందట కొన్న ఎస్‌యూవీ. కంపెనీ వెబ్‌సైట్ నుంచి టచ్‌స్క్రీన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దింపి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే చేశాను. మొదటిసారి అసలు ఫైలే లేదంది. మా తమ్ముడి పెన్‌డ్రైవ్ తెచ్చి మళ్లీ చేస్తే 47 శాతం దగ్గర ఆగిపోయింది, చక్రం తిరుగుతూనే ఉంది. గంట చూసి భయమేసి ఇంజన్ ఆపేశాను. మళ్లీ స్టార్ట్ చేస్తే పాత వెర్షనే వచ్చింది. బ్యాటరీ దిగిపోకూడదని ఇంజన్ కూడా ఆన్‌లోనే ఉంచాను సార్, ఇంతకన్నా జాగ్రత్త ఏముంటుంది? సర్వీస్ సెంటర్‌లో మాత్రం స్క్రీన్ యూనిట్ మొత్తం మార్చాలంటున్నారు. మొదటి పెన్‌డ్రైవ్ ఫొటో జత చేశాను.

జవాబు: ముందు తిట్టాల్సింది తిట్టేసి తర్వాత రిపేరు సంగతి చూద్దాం. సెల్లార్‌లో గంటసేపు ఇంజన్ ఆన్ చేసి కూర్చోవడం జాగ్రత్త కాదండీ, ప్రాణాల మీదికి తెచ్చుకోవడం. ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, తల బరువెక్కుతోందని మనకి అర్థమయ్యేసరికి లేచి తలుపు తీసే ఓపిక కూడా ఉండకపోవచ్చు. పైగా అదే సెల్లార్‌లో ఓ మూల గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది, సాయంత్రమైతే పిల్లలు అక్కడే సైకిళ్లు తొక్కుతుంటారు. ఇంజన్ ఆన్‌లో ఉంచి చేయాల్సిన అప్‌డేట్ అయితే కారుని ఆరుబయటికి తీయండి, అంతే, ఇందులో రెండో మాట లేదు. సిమ్ ద్వారా దానంతట అదే వచ్చే అప్‌డేట్లకి కూడా సెల్లార్ పనికిరాదు, అక్కడ సిగ్నల్ రెండు గీతలు కూడా రాదు కాబట్టి సగం దిగి ఆగిపోతుంటాయి. ఆ మాట చాలామంది రాశారు, జవాబు ఒకటే: ఓ రోజు రాత్రి కారు బయట పెట్టి చూడండి.

ఇక అసలు విషయం. మధ్యలో ఆపేసినా పాత వెర్షన్‌తో లేచిందంటే మీ యూనిట్ చచ్చిపోలేదు. ఇప్పుడొస్తున్న చాలా సిస్టమ్‌లలో సాఫ్ట్‌వేర్‌కి రెండు గదులుంటాయి. ఒక గదిలోది నడుస్తుండగా కొత్తది రెండో గదిలో సర్దుకుంటుంది, అన్నీ సరిగ్గా సర్దుకున్నాకే కాపురం అటు మారుతుంది. మధ్యలో ఆగితే పాత ఇంట్లోనే ఉండిపోతుంది. మీకు జరిగింది అదే అయ్యుంటుంది. అన్ని కార్లలో ఈ ఏర్పాటు ఉండదు, కాబట్టి ఇంకోసారి మధ్యలో ఆపే ధైర్యం మాత్రం చేయకండి.

మొదటిసారి ఫైల్ ఎందుకు కనపడలేదో మీరు పంపిన ఫొటోలోనే ఉంది. ఫైల్ పేరు చివర బ్రాకెట్లలో 1 అని ఉంది చూడండి. అంటే మీరు దాన్ని రెండుసార్లు డౌన్‌లోడ్ చేశారు, కంప్యూటర్ రెండోదానికి ఆ ఒకటి తగిలించింది. మనకి అది అదే ఫైలు, కారుకి మాత్రం ముక్కూ మొహం తెలియని ఫైలు. పైగా దాన్ని ‘కారు’ అనే ఫోల్డర్‌లో, ఆ ఫోల్డర్‌ని ‘పర్సనల్’ అనే ఇంకో ఫోల్డర్‌లో పెట్టారు. చాలా కార్లు పెన్‌డ్రైవ్ తెరవగానే కనపడే చోట మాత్రమే వెతుకుతాయి, లోపలి గదులు తలుపులు తీసి చూడవు. జిప్ ఫైల్‌ని విప్పి వేయాలా, అలాగే వేయాలా అన్నది కంపెనీ ఇచ్చిన సూచనల్లో రాసి ఉంటుంది, అక్కడ మన తెలివి వాడకూడదు.

పెన్‌డ్రైవ్ ఫార్మాట్, అంటే అందులో ఫైళ్లు సర్దే పద్ధతి, అది కూడా చూసుకోవాలి. చాలా యూనిట్లు ఫ్యాట్ 32 అడుగుతాయి, కొన్ని ఎక్స్‌ఫ్యాట్ కూడా చదువుతాయి. చాలా విండోస్ కంప్యూటర్లలో రైట్ క్లిక్ కొట్టి ఫార్మాట్ చేస్తే 32 జీబీ దాటిన పెన్‌డ్రైవ్‌కి ఫ్యాట్ 32 అన్న ఆప్షనే చూపించదు, అందుకే 128 జీబీ కొత్తది కొన్నామని గొప్పగా చెప్పేవాళ్లకన్నా డ్రాయర్‌లో పడున్న పాత 16 జీబీ దానితో చేసినవాళ్ల పని ముందు అయిపోతుంది. ఫ్యాట్ 32లో ఇంకో చిక్కు, ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. అంతకన్నా పెద్ద ఫైలు ఇచ్చారంటే వాళ్లు వేరే ఫార్మాట్ అనుకుని ఇచ్చారని అర్థం.

47 శాతం దగ్గర ఆగడానికి నా అనుమానం డౌన్‌లోడ్ మీద. వెబ్‌సైట్‌లో ఫైల్ సైజు ఎంతని రాశారో, మీ దగ్గర ఎంత ఉందో పక్కపక్కన పెట్టి చూడండి, కొంచెం తేడా ఉన్నా అది సగంలో తెగిన ఫైలే. సైజు సరిపోతే పెన్‌డ్రైవ్ మీద అనుమానపడాలి. మీ తమ్ముడిది ఏ కాలేజీ ఫెస్ట్‌లోనో ఉచితంగా ఇచ్చినదైతే సగం వరకు చదివి తర్వాత తడబడటం మామూలే. ఇంకొకటి, కారులో రెండు మూడు యూఎస్‌బీ రంధ్రాలుంటే అన్నీ ఒకటి కావు, కొన్ని చార్జింగ్‌కి మాత్రమే. పక్కన ఫోన్ బొమ్మో యూఎస్‌బీ గుర్తో ఉన్నది డేటా పోర్టు, మెరుపు గుర్తు ఒక్కటే ఉంటే అది ఫోన్‌కి తిండి పెట్టే పోర్టు.

బ్యాటరీ గురించి మీకు భయం అక్కర్లేదు గానీ, ఇంజన్ ఆపి ఇగ్నిషన్ మీదే చేయమని సూచనలున్న కార్లవాళ్లకి ఒక మాట. రాత్రంతా కదలకుండా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ మల్టీమీటర్ పెడితే 12.6 దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. సగం బ్యాటరీతో ముప్పావుగంట అప్‌డేట్ మొదలుపెట్టకండి, ముందు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఓ గంట తిప్పుకుని రండి. ఇంజన్ ఆన్‌లో పెట్టి చేసేవాళ్లు సిగ్నళ్ల దగ్గర దానంతట అదే ఆగిపోయే ఐడిల్ స్టాప్ ఫీచర్‌ని మర్చిపోకుండా ఆఫ్ చేయండి.

యూనిట్ మార్చాలన్నారు కదా, ఏ లోపం కనిపెట్టి అలా చెప్పారో జాబ్ కార్డు మీద రాసిమ్మనండి. ఇప్పుడున్న వెర్షన్ నంబరు కూడా రాయించండి, మీరూ స్క్రీన్ ఫొటో తీసి పెట్టుకోండి. వారంటీలో ఉండి కూడా డబ్బులడిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. నా అంచనా అయితే, సరైన పెన్‌డ్రైవ్‌తో ఆరుబయట చేస్తే మీ కారు ఆ ఖర్చు తప్పిస్తుంది.

ప్రశ్న: అన్నా, నాది ఉప్పల్. అప్‌డేట్ బాగానే అయింది, కానీ అప్పట్నుంచి వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్‌ల మ్యాపు, పాటలు కారు స్క్రీన్ మీదికి తెచ్చేది) కనెక్ట్ అయితలేదు. బ్లూటూత్‌ల పాటలు వస్తున్నయి, మ్యాప్ మాత్రం రాదు. కారు ప్రాబ్లమా, ఫోన్ ప్రాబ్లమా?

జవాబు: రెండూ కాదు తమ్ముడూ, రెండింటి మధ్య పాత పరిచయం చెడింది. వైర్‌లెస్‌లో బ్లూటూత్ చేసేది పెళ్లిళ్ల పేరయ్య పని మాత్రమే, ఇద్దరినీ కలిపి పక్కకి తప్పుకుంటుంది. తర్వాత మ్యాపూ బొమ్మలూ అన్నీ నడిచేది వైఫై మీద, సాధారణంగా 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో. అందుకే పాటలు వస్తున్నా మ్యాప్ రావడం లేదు. ఫోన్‌లో వైఫై ఆన్‌లో ఉందా, హాట్‌స్పాట్ వేసి మర్చిపోయావా, వీపీఎన్ ఏదైనా నడుస్తోందా చూడు. అవన్నీ బాగుంటే కారులో నీ ఫోన్ పేరు డిలీట్ చెయ్యి, ఫోన్‌లో బ్లూటూత్ జాబితా నుంచి కారుని తీసెయ్యి, ఆండ్రాయిడ్ ఆటో సెట్టింగ్స్‌లో పాత కార్ల జాబితా ఉంటుంది, అక్కడ కూడా తీసెయ్యాలి. చాలామంది ఆ మూడోది మర్చిపోయి ఫ్యాక్టరీ రీసెట్ దాకా వెళ్తారు. ఆ తర్వాత ఫోనూ స్క్రీనూ రెండూ రీస్టార్ట్ చేసి మొదట్నుంచి కలుపు. చాలా కార్లలో పవర్ బటన్ లేదా వాల్యూమ్ నాబ్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే స్క్రీన్ రీస్టార్ట్ అవుతుంది, దాంతో ఏదీ చెరిగిపోదు. వైర్ పెట్టి వాడుకోవాలనుకుంటే మీటరు లోపు పొడవున్న మంచి డేటా కేబుల్ కొను, కోఠి ఫుట్‌పాత్ మీద దొరికే కేబుళ్లలో కొన్నిటికి చార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలుండవు.

ప్రశ్న: అప్‌డేట్ తర్వాత మెనూ అంతా మార్చేశారు, నాకు పాతదే నచ్చింది. వెనక్కి వెళ్లొచ్చా? — ఓ రిటైర్డ్ ఉద్యోగి, మల్కాజిగిరి

జవాబు: మామూలుగా వెళ్లనివ్వరండీ. అలవాటు చేసుకోవడమే. వెనక్కి తీసుకెళ్తామని ఎవరైనా లాప్‌టాప్ పట్టుకొస్తే కారు తాళాలు ఇవ్వకండి.

ప్రశ్న: ‘ఏసీ సీట్లు’ అని చెప్పి నాకు టాప్ మోడల్ అమ్మారు సార్. మేము కొంపల్లిలో ఉంటాం, నా ఆఫీసు గచ్చిబౌలిలో. మే నెలలో ఎండలో నిలబెట్టిన కారెక్కి సీటు మూడో నంబర్‌లో పెడితే చల్లదనం సంగతి అటుంచి వీపుకి వేడిగాలి కొడుతోంది. షోరూమ్‌కి తీసుకెళ్తే ‘ఫ్యాన్ తిరుగుతోంది మేడమ్, అంతా ఓకే’ అంటున్నారు. మా ఆయనేమో అప్పుడే చెప్పాను డబ్బు దండగ అని దెప్పుతున్నారు. లోపం ఉందా, లేదా?

జవాబు: ఫ్యాన్ తిరుగుతోందన్నది నిజం, వేడిగాలి కొడుతోందన్నదీ నిజం. అబద్ధం ఎక్కడుందంటే ‘ఏసీ సీటు’ అన్న మాటలో. మన దగ్గర వెర్నా, సెల్టోస్, ఎక్స్‌ఎల్ 6, నెక్సాన్, స్లావియా లాంటి కార్ల పై వేరియంట్లలో వచ్చేవి వెంటిలేటెడ్ సీట్లు. సీటు లోపల చిన్న ఫ్యాన్, పైన సన్నటి చిల్లులున్న లెదరెట్, మధ్యలో గాలి పారే పొర, అంతే సరంజామా. ఆ సీటులో కంప్రెసర్ లేదు, గ్యాస్ లేదు. కారులో ఏ గాలి ఉంటే ఆ గాలినే కదిలిస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి నాలుగు గంటలు మూసి పెట్టిన కారులో గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, దాన్నే తీసి మీ వీపుకి కొట్టింది. పాపం దాని తప్పేం లేదు.

మరి చల్లగా ఎలా అనిపిస్తుందంటే, రంజన్‌లో నీళ్లు ఎలా చల్లబడతాయో అలాగే. కుండ ఒంటి మీది తడి గాలికి ఆరుతూ వేడిని తీసుకుపోతుంది కదా, మన ఒంటి మీద చెమటా అంతే. మామూలు సీటులో వీపు సీటుకి అతుక్కుపోయి ఉంటుంది, అక్కడ గాలి ఆడదు, చెమట ఆరదు, దిగేసరికి చొక్కా వెనక మ్యాప్ గీసినట్టు తడి. వెంటిలేటెడ్ సీటు ఆ మూసుకుపోయిన చోట గాలి ఆడేలా చేస్తుంది. అందుకే జూలైలో ముసురు పట్టినప్పుడు ఏసీ ఆపేసి సీటు ఫ్యాన్ ఒక్కటే వేసుకుంటే అంత సుఖం ఉండదు, వానాకాలంలో ఇంట్లో కూలర్ వేస్తే ఒళ్లంతా జిగటగా ఉంటుందే, అదే కథ.

మీరు ఒక పని చేయండి. ఒక పల్చటి టిష్యూ పేపర్ తీసుకుని, ఎవరూ కూర్చోని సీటు మీద పరిచి, ఫ్యాన్ మూడులో పెట్టండి (కొన్ని కార్లలో మనిషి కూర్చుంటేనే ఫ్యాన్ తిరుగుతుంది, అప్పుడు వీపు భాగం దగ్గర పేపర్ పట్టుకుని చూడాలి). పేపర్ సీటుకి అతుక్కుంటే మీది గాలి లాగే రకం, అంచులు లేచి రెపరెపలాడితే ఊదే రకం. లాగే రకమైతే ఎక్కగానే వేసుకోవచ్చు, కారులో పైపైన చల్లబడుతున్న గాలి మీ మీదుగా లోపలికి వెళ్తుంది. ఊదే రకమైతే, మీ ఉత్తరం చూస్తే అదేననిపిస్తోంది, మొదటి ఐదు నిమిషాలు దాని జోలికి పోకండి. ముందు అద్దాలు నాలుగూ దించి ఓ నిమిషం నడపండి, లోపలి వేడి బయటికి పోతుంది, తర్వాత అద్దాలెత్తి ఏసీ వేసి, బయటి గాలి రాకుండా రీసర్క్యులేషన్ పెట్టండి, డ్యాష్‌బోర్డు నుంచి చల్లగాలి మొదలయ్యాక అప్పుడు సీటు ఫ్యాన్. గచ్చిబౌలి నుంచి కొంపల్లికి గంటన్నర ట్రాఫిక్‌లో ఈ తేడా మీకే తెలుస్తుంది. పేపర్ కదలనే లేదంటే, లేదా వీపు దగ్గర కదిలి కూర్చునే చోట కదలకపోతే, అప్పుడది నిజంగా లోపం. ఆ టిష్యూ పరీక్ష షోరూమ్ వాళ్ల ముందే చేసి చూపించండి, ‘అంతా ఓకే’ అనడానికి నోరు రాదు.

నిజంగా చల్లబరిచే సీట్లూ ఉన్నాయి, లేవని కాదు. రెండు వేర్వేరు లోహాల అతుకుల గుండా కరెంటు పంపితే ఒక అతుకు చల్లబడి రెండోది వేడెక్కుతుందని ఫ్రాన్స్‌లో పెల్టియర్ అనే ఆయన 1834లో గమనించాడు, ఆ సూత్రం మీద పనిచేసే చిన్న పలకలని కొన్ని ఖరీదైన కార్ల సీట్లలో ఫ్యాన్‌తో పాటు పెడతారు. ఉత్త ఫ్యాన్ సీట్లు కూడా మరీ నిన్న మొన్నటివి కావు, స్వీడన్‌కి చెందిన సాబ్ కంపెనీ 1997లోనే 9-5 కారులో పెట్టింది. చలిదేశం వాళ్లు మనకన్నా ముందు ఎందుకు పెట్టుకున్నారో నాకైతే నవ్వొస్తుంది. మీ వారికి నా మాటగా చెప్పండి, హైదరాబాద్ ఎండకి అది డబ్బు దండగ కాదు, అమ్మినవాళ్లు పేరు తప్పు చెప్పారంతే.

ప్రశ్న: వెంటిలేటెడ్ సీట్ల మీద మంచి రెక్సిన్ కవర్లు వేయిద్దామని రాణిగంజ్ వెళ్దామనుకుంటున్నాం. ఏది బాగుంటుంది?

జవాబు: ఏదీ బాగుండదు, వేయకండి. చిల్లులు మూసేస్తే ఫ్యాన్ ఎక్కడికి ఊదాలి? పైగా చాలా కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ సీటు అంచులోనే ఉంటుంది, బిగుతుగా కుట్టిన కవర్ దానికి అడ్డం పడుతుంది. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగ్ ఉందేమో చూసుకోండి. దుమ్ముకి మెత్తటి బ్రష్, వాక్యూమ్ చాలు. తళతళలాడే క్రీములు సీటు మీద నేరుగా పోస్తే చిల్లుల్లో దిగి గట్టిపడతాయి, గుడ్డ మీద వేసి తుడవండి.

ప్రశ్న: మా నాన్నగారికి నడుం నొప్పి, పదిహేనేళ్లుగా షుగర్ కూడా ఉంది. సంక్రాంతికి ఊరికి కారులో వెళ్తాం. మా కారులో హీటెడ్ సీట్లు లేవు, 12 వోల్టుల సాకెట్‌లో పెట్టుకునే హీటింగ్ కుషన్ ఆన్‌లైన్‌లో చూశాను. కొనొచ్చా? — అల్వాల్ నుంచి

జవాబు: నడుముకి వెచ్చదనం హాయిగానే ఉంటుందమ్మా, కానీ మీ నాన్నగారి విషయంలో నేను వద్దంటాను. హీటెడ్ సీటంటే ఏం లేదు, సీటు బట్ట కింద పరిచిన సన్నటి తీగలో కరెంటు పారి వేడెక్కుతుంది, ఇస్త్రీ పెట్టెకి చిన్న చెల్లెలు. కంపెనీ నుంచి వచ్చే సీట్లలో వేడి కొలిచే సెన్సర్ ఉంటుంది, హద్దు దాటితే కరెంటు ఆపుతుంది. చవక కుషన్‌లో ఆ సెన్సర్ ఉందో లేదో, ఉన్నా ఎన్నాళ్లు పనిచేస్తుందో ఎవరు చెప్పగలరు? ఇక షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో చాలామందికి నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. 45 డిగ్రీల వేడి చేతికి తగిలితే మనం ‘వెచ్చగా ఉంది’ అంటాం, కానీ అదే వేడి గంటల తరబడి ఒకే చోట ఒత్తుకుని ఉంటే చర్మం కాలుతుంది. స్పర్శ ఉన్నవాడు పక్కకి జరుగుతాడు, లేనివాడికి కాలిన సంగతి ఊళ్లో దిగి చొక్కా విప్పాకే తెలుస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకి పుండు మానడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పాలా. నడుం వెనక ఒక చుట్టిన టవల్, గంటన్నరకోసారి కారు ఆపి నాలుగడుగులు నడిపించడం, ఇవి కుషన్ కన్నా మేలు. అంతగా వెచ్చదనం కావాలంటే ముందు వాళ్ల డాక్టర్‌ని అడగండి.

అన్నట్టు, 2023 వెర్నాలో వేడి సీట్లు కూడా ఇస్తే హైదరాబాద్‌లో ఇవెందుకని అప్పట్లో మా ఆఫీసులో అందరం నవ్వుకున్నాం. 1946 జనవరిలో ఇక్కడ 6.1 డిగ్రీలకి పడిపోయిందట, అలాంటి రోజులు మనకి ఏడాదికెన్ని? లంబసింగి, అరకు ట్రిప్పుల్లో తెల్లవారుజామున పనికొస్తాయి, ఒప్పుకుంటాను. ఎలక్ట్రిక్ కార్లవాళ్లకి ఇంకో లాభం ఉంది: కారంతా వేడి చేసే హీటర్ కిలోవాట్ల లెక్కన బ్యాటరీని తాగుతుంది, ఒక్క సీటు వేడికి వంద వాట్లు దాటవు. ఉన్నవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి, వెనక సీటులోని బ్యాగు అందుకోవడానికి ముందు సీటు మీద మోకాలు పెట్టి ఎక్కకండి, తీగ తెగేది అక్కడే.

ప్రశ్న: సీటు ఫ్యాన్ వేస్తే కింద నుంచి కరకరమని చప్పుడు. ఒకటో నంబర్‌లో తక్కువ, మూడులో భరించలేం. ఫ్యాన్ మార్చాల్సిందేనా? — దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తొందరపడకండి. కిందటేడు మా కారులోనూ ఇదే చప్పుడు. మెకానిక్ ఫ్యాన్ పోయిందన్నాడు, ధర విని నేను వారం రోజులు ఆలోచనలో పడ్డాను. ఓ ఆదివారం సీటు పూర్తిగా వెనక్కి జరిపి, టార్చ్ పట్టుకుని, నేల మీద పడుకుని కిందకి చూస్తే నల్లటి గుండ్రటి ఫ్యాన్, దాని జాలీలో సగం దూరి రెక్కలకి తగులుతూ ఒక కాగితం. పట్టకారుతో లాగితే వచ్చింది, జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కి వెళ్లినప్పటి టికెట్టు. ఆరు నెలలు అక్కడే తిరుగుతూ అంచులు దూదిలా అయిపోయాయి. దాంతో పాటు ఉస్మానియా బిస్కట్ పొడి గుప్పెడు, ఎవరి పనో మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. చప్పుడు ఆ రోజుతో పోయింది.

మీరూ అలాగే చూడండి, కారు ఆఫ్ చేసి. కాగితాలు, చాక్లెట్ కవర్లు కనిపిస్తే పట్టకారుతో తీయండి, నీళ్లు గానీ స్ప్రే గానీ కొట్టకండి. ఏమీ లేకపోయినా చప్పుడు వస్తుంటే బేరింగ్ అరిగినట్టే, అప్పుడు మార్పించుకోవాలి. సీటు కింద వైర్ల కట్టలు కనిపిస్తాయి, వాటిలో పసుపు రంగు కనెక్టర్ ఉంటే అది ఎయిర్‌బ్యాగ్‌ది, దాన్ని ముట్టుకోకండి. ఊడదీసి ఇగ్నిషన్ వేశారంటే మీటర్‌లో ఎర్ర లైటు వెలిగి కూర్చుంటుంది, అది ఆర్పడానికి మళ్లీ సర్వీస్ సెంటర్‌కే పోవాలి.